వట్టిదా, వట్టిపోయిందా

చేపల పరిశోధనలో కొత్తగా చేరినవాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు, ఈ ఉద్యోగంలో కష్టమైన పని ఏదని అడుగుతుంటారు. సముద్రంలోకి వెళ్ళడమనో, అంచనాల వెనక ఉండే గణితమనో చెబుతానని ఎదురుచూస్తారు. చేప కడుపు కోసి, లోపల ఉన్నది చూసి, ఇది ఎదిగిన చేపో కాదో ఒక్క మాటలో చెప్పడం అంటాను. సరదాకి అంటున్నాననుకుంటారు.

సరదాకి కాదు. ఉద్యోగ జీవితమంతా మచిలీపట్నంలో, అదే బందరులో, ఆ పనే చేశాను. నా బదిలీలు, పదోన్నతులు ఎవరికీ పనికిరావు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. ఆ ఒక్క మాట గురించే రాస్తాను. దాని గురించి నాకు తెలిసింది ఎంతో, తెలుసనుకున్నది ఎంతో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

నా భార్య ఎస్తేరు అదే కేంద్రంలో నాతో కలిసి పనిచేసింది. కిందటి ఏడాది వానాకాలంలో కిడ్నీ జబ్బుతో చనిపోయింది. దుఃఖం గురించి నేను చదివినవి చాలానే ఉన్నాయి. వాటిలో ఏదీ ఇక్కడ పనికిరాదు. ఆమెను ఒక మాట అడగవలసి వచ్చింది. అడగడానికి ఆమె లేదు. ఈ రాతకి కారణం అంతే.

మేం చేసే పని

సముద్రంలో చేపలను లెక్కపెట్టలేం. రేవుకి వచ్చినవాటిని కొలిచి, రానివాటి సంగతి ఊహిస్తాం. దాన్ని నిల్వల అంచనా అంటారు. ఆ అంచనాకి కావలసినవాటిలో ముఖ్యమైనది, సముద్రంలో మిగిలిన చేపల్లో గుడ్లు పెట్టగలిగినవి ఎన్ని అన్నది. అందుకోసం ఒక్కో జాతికి ఒక పొడవు కనుక్కుంటాం. ఆ పొడవు దగ్గర ఆడచేపల్లో సగం పక్వానికి వచ్చి ఉంటాయి. అంతకంటే చిన్నవి పట్టొద్దని ప్రభుత్వం చెప్పాలన్నా, వల కన్ను ఎంత ఉండాలో నిర్ణయించాలన్నా, ముందు ఆ పొడవే అడుగుతారు.

ఎదిగిన చేపని ఎదగనిదని రాసుకుంటే సముద్రంలో తల్లిచేపలు తక్కువగా కనిపిస్తాయి. ఆంక్షలు వస్తాయి. ఎదగనిదాన్ని ఎదిగిందని రాసుకుంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అలా బాగుందనుకుంటూ ఉండగానే చేప తగ్గిపోతుంది. మొదటి తప్పుకి వేటకి వెళ్ళేవాడు నష్టపోతాడు, రెండోదానికి వాడి కొడుకు నష్టపోతాడు.

కడుపు నిండా జన ఉన్న చేపని ఎవరైనా గుర్తుపడతారు. జన అంటే గుడ్ల సంచి. కూర వండుకునేవాళ్ళందరికీ తెలిసిందే. చిక్కంతా ఖాళీగా కనిపించే చేప దగ్గర వస్తుంది. ఆ ఖాళీ రెండు రకాలు. ఇంతవరకూ ఒక్కసారీ గుడ్లు పెట్టని చేప ఒకటి. గుడ్లు పెట్టేసి, మళ్ళీ కాలం వచ్చేదాకా ఊరికే ఉన్న చేప ఇంకొకటి. రెండింటిలోనూ వెన్నెముక కింద పల్చటి, లేత గులాబీ రంగు తొడుగులు రెండు కనిపిస్తాయి. ఒకసారి పెట్టిన చేపకి ఆ తొడుగు కొంచెం మందంగా, వదులుగా ఉంటుందని పుస్తకాల్లో ఉంది. నిజమే. బల్ల మీద దీపం కింద ఆ తేడా కనబడుతుంది. రేవులో, చుట్టూ వేలంపాట జరుగుతుండగా, ఐసునీళ్ళు కళ్ళలో పడుతుండగా కనబడుతుందా అంటే, కొన్నిసార్లు కనబడుతుంది.

పల్చటి ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే సందేహం తీరుతుంది. ఆ సౌకర్యం మాకు చాలాకాలం లేదు. వచ్చాక కూడా అన్ని చేపలకీ చేయడం కుదరలేదు.

తడిచెయ్యి, పొడిచెయ్యి

మా కేంద్రంలో చేప కోసేవాళ్ళని తడిచెయ్యి అని, పక్కన నిలబడి రాసేవాళ్ళని పొడిచెయ్యి అని అనేవాళ్ళం. ఒకే మనిషి రెండూ చేస్తే కాగితం పాడవుతుంది. అందుకే ఇద్దరుండాలి. ఎస్తేరు తడిచెయ్యి. నేను పొడిచెయ్యి. పెళ్ళికి ముందు నుంచీ అంతే.

ఆమెది నాగాయలంక దగ్గర పల్లె. నాది గుడివాడ పక్క. ఇద్దరం జంతుశాస్త్రం చదివాం. ఆమె వేళ్ళు నావాటికంటే తెలివైనవి. నా దస్తూరి ఆమెదానికంటే నయం. పని అలా పంచుకున్నాం.

రేవులో మమ్మల్ని చేపల డాక్టర్లనేవాళ్ళు. చేపలమ్మే ఆడవాళ్ళు పక్కనే కూర్చుని ఆటపట్టిస్తూ ఉండేవాళ్ళు.

"అయిందా డాక్టరమ్మా పోస్టుమార్టం? చచ్చినదాన్ని మళ్ళీ చంపుతావేంటి?"

"ఎందుకు చచ్చిందో రాయాలిగా పిన్నీ," అనేది ఎస్తేరు.

"మా ఆయన వలేసి చంపాడని రాయి. ఆయన మీద ఒక్క కేసైనా ఉంటది."

ఈ ఆడవాళ్ళే మా పనికి ఒక అడ్డంకి కూడా. జన ఉన్న చేప కావాలని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి, చేప పడవ దిగిన వెంటనే పొట్టలు నొక్కి చూసి, నిండుగా ఉన్నవాటిని వేరే తట్టలో వేసేవాళ్ళు. మేం వెళ్ళేసరికి మిగిలినవే మా చేతికి వచ్చేవి. ఖాళీవి ఎక్కువ, నిండువి తక్కువ. సముద్రంలోనూ అలాగే ఉన్నాయని అనుకుంటే మోసపోయినట్టే. ఇది గ్రహించాక చేప పడవ దిగకముందే వెళ్ళడం మొదలుపెట్టాం. కొత్తగా చేరినవాళ్ళకి నేను ధైర్యంగా చెప్పగలిగిన సలహా ఇదొక్కటే అనుకుంటాను.

కోస్తూ ఎస్తేరు ఒక్కో చేపకి ఒక్కో మాట పైకి చెప్పేది. దారం. వట్టి. సగం. నిండు. జారింది. ఆ మాట విని నేను ఒకటి నుంచి అయిదు వరకూ ఒక అంకె వేసేవాణ్ణి. దారమంటే మరీ పసిచేప. జారిందంటే గుడ్లు అప్పుడే పెట్టేసి, నెత్తుటి చారలతో ఉన్నది. వట్టి అంటే రెండు.

అంతకుముందు ఈ అంకెలకి ఏడు మెట్లు ఉండేవట. మేం చేరేసరికి మా కేంద్రం పెద్దసారు వాటిని అయిదు చేశారు. "చేపకి తెలియని మెట్లు మనకెందుకయ్యా?" అనేవారు. రెండో మెట్టులో రెండు రకాల ఖాళీలూ కలిసిపోయాయి. ఆ రోజుల్లో చాలాచోట్ల అలాగే ఉండేది. అది ఆయన ఒక్కరి పొరపాటని నేను అనను. కొన్నేళ్ళకి అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎక్కించినవాళ్ళకి ఒకటి, రెండు ఎదగనివనీ, మూడు నుంచి ఎదిగినవనీ చెప్పారు. ఎవరు చెప్పారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పాడి ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకి వట్టి అన్న మాటలోనే ఆ రెండూ ఉన్నాయి. వట్టిది అంటే ఏమీ లేనిది. వట్టిపోయింది అంటే ఒకప్పుడు ఉండి, ఇప్పుడు ఆగినది. గేదె పాలు ఆపేస్తే వట్టిపోయిందంటాం. ఈనని పెయ్యని ఎవరూ అలా అనరు. ఎస్తేరు వట్టి అన్నప్పుడు ఏది కుదించి అన్నది? తొందరలో ఎవరూ పూర్తి మాట అనరు. నాకూ అంకె వేయడానికి అంతే చాలు. పూర్తి మాట అడగవలసిన అవసరం మా ఇద్దరికీ కనిపించలేదు.

ఆమె వట్టిపోయింది అని పూర్తిగా ఎప్పుడైనా అందా? అంది. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తుంది. కానీ అది రేవులో చందువా చేపని చూసి అన్నదో, పుట్టింటికి వెళ్ళినప్పుడు గొడ్లపాకలో అన్నదో చెప్పలేను.

సముద్రంలో మండలాలు

పెద్దసారు గురించి ఇంకొక్క సంగతి. మేం నెలకి కొన్నిసార్లు అవనిగడ్డ మీదుగా దివిసీమ రేవులకి వెళ్ళేవాళ్ళం. అక్కడ చందువాలు బందరు చందువాల కంటే చిన్న పొడవులోనే జనతో కనిపించేవి. ఏడాది తర్వాత ఏడాది అదే వరస. రెండు చోట్లకీ రెండు పొడవులు రాద్దామన్నాం.

"రెండూ కలిపి సగటు తీయండి," అన్నారు ఆయన.

ఎస్తేరు ఊరుకోలేదు. "సార్, మీ చెప్పులూ నా చెప్పులూ కలిపి సగటు జోడు కుట్టిస్తే ఎవరి కాలికి పడుతుందండీ?"

"మేడమ్, సముద్రంలో మండలాలు ఉండవు. ఇది అవనిగడ్డ చేప, ఇది బందరు చేప అని దాని ఒంటి మీద రాసుండదు. ఈరోజు అక్కడున్నది రేపు ఇక్కడికి వస్తుంది."

సగటే వెళ్ళింది. అప్పట్లో ఆయన మీద నాకు కోపం. తర్వాత, చేప నిజంగానే అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన అన్నదే సరైనదనిపించింది. ఇంకా తర్వాత, వేట ఎక్కువైన చోట చేప తొందరపడి చిన్నవయసులోనే గుడ్లకి వస్తుందని చదివాను. అప్పుడు దివిసీమ చేప ఏదో చెబుతోందేమో, మేం వినలేదేమో అనిపించింది. కృష్ణ కలిసే చోట నీళ్ళ తేడా వల్ల కావచ్చు. వెళ్ళిన నెలల తేడా వల్ల కావచ్చు. దివిసీమలో కోసే రోజు ఎస్తేరు పుట్టింటికి దగ్గర్లో ఉన్న ఉత్సాహంలో మరింత శ్రద్ధగా చూసేదేమో, అదీ కావచ్చు. ఈ విషయంలో నేను ఇన్నిసార్లు మనసు మార్చుకున్నాను కాబట్టి, నా ఇప్పటి అభిప్రాయానికి కూడా పెద్ద విలువ ఇవ్వక్కరలేదు.

పెద్దసారు చెడ్డవారు కాదు. మోకాళ్ళ లోతు బురదలో మాతో నడిచినవారు. ఒక ప్రశ్నకి ఒకే జవాబు ఉండాలని నమ్మినవారు, అంతే.

హారిక అడిగింది

ఈ ఏడాది మొదట్లో హారిక అనే అమ్మాయి బందరు నుంచి గుడివాడకి నా ఇంటికి వచ్చింది. ఇప్పుడు చందువా నిల్వల అంచనా ఆమె చేతిలో ఉంది. పట్టదగిన కనీస పొడవు ఎంత ఉండాలో ముసాయిదా తయారైంది. దాని మీద బందరులో సమావేశం పెట్టబోతున్నారు. ముసాయిదాలో ఉన్న పొడవు మా పాత అంకెల నుంచే వచ్చింది.

లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది. "సార్, ఇవి చూడండి. వేసవి వేట నిషేధం అయిపోగానే వచ్చిన చేపలు. రెండో అంకె ఎన్నింటికి ఉందో చూడండి."

చూశాను. చాలా ఉన్నాయి.

"వీటిలో కొన్ని బాగా పెద్దవి సార్. ఇంత పెద్ద చేప ఇంకా ఎదగలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. నిషేధం రోజుల్లో గుడ్లు పెట్టేసి ఖాళీ అయినవనుకుంటున్నాను. మనవాళ్ళు వాటిని ఎదగనివాటిలో కలిపేశారు."

"పెద్దవాటిని ఎదిగినవాటిలోకి మార్చు."

"మార్చాను. మధ్యరకం ఉన్నాయి కదా సార్. అక్కడే ఆగిపోయాను. ఏ పొడవు దాటితే ఎదిగినట్టు అనుకోవాలి?"

ఆమె ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలిసింది. ఏ పొడవుకి ఎదుగుతుందో తెలిస్తే ఆ చేపలని విడదీయొచ్చు. విడదీస్తేనే ఏ పొడవుకి ఎదుగుతుందో తెలుస్తుంది. ఆ వలయంలో ఆమె చాలా రోజులు తిరిగి, చివరికి నా దగ్గరకి వచ్చింది.

"మేడమ్ గారు వట్టి అంటే రెండు వేసేవాళ్ళమని మీరే అన్నారు కదా. మేడమ్ గారి ఉద్దేశంలో వట్టి అంటే గుడ్లు పెట్టని చేపా, పెట్టేసిన చేపా? మీరు రాసిస్తే అదే వేస్తాను. మీ మాట కాదనేవాళ్ళు లేరు సార్."

పెట్టేసినవని నేనంటే పొడవు తగ్గుతుంది. పెట్టనివంటే ముసాయిదా అలాగే ఉంటుంది. ఆలోచించి చెబుతానన్నాను. కాఫీ ఇచ్చాను. పంచదార వేయడం మర్చిపోయానని ఆమె వెళ్ళాక తెలిసింది. ఆమె ఏమీ అనకుండా తాగింది.

నాంచారయ్య

ఆ తర్వాత వారంలోనే నాంచారయ్య వచ్చాడు. మంగినపూడి దగ్గర పల్లెలో పడవ ఉన్నవాడు. వయసులో నాకంటే కొంచెం చిన్న. మాకు ఎన్నో ఏళ్ళు చేపలు ఇచ్చాడు. ఎస్తేరు జ్ఞాపకార్థ కూడికకి వచ్చి, చర్చి బయట చెప్పుల దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, ప్రార్థన అయ్యేదాకా ఉండి వెళ్ళాడు.

"డాక్టరు గారూ, చందువాకి కొలత పెడతన్నారంట గదా. మా వలకి పడేది మొత్తం ఆ కొలత లోపలే ఉంటది. అంటే మేం పట్టిన చేపంతా దొంగసరుకే."

"ఇంకా తేలలేదు నాంచారయ్యా."

"మీ దగ్గరే ఆగిందంట. ఆ హారికమ్మ చెప్పింది. వల కన్ను మార్చుకోమంటారు. ఒక్క కన్నేనా అండీ మారేది? వలంతా మార్చాల. మా పల్లెలో అందరివీ అవే వలలు. ఒక్క సీజను ఏట పోతే మావోళ్ళు రొయ్యల చెరువుల మీద కూలికి పోతారు. పోయినోళ్ళు మళ్ళీ రారు."

అతను గోడ మీదున్న ఎస్తేరు ఫోటో వైపు చూసి గొంతు తగ్గించాడు.

"డాక్టరమ్మ వట్టిపోయిందనే అని ఉంటదండీ. కాదని ఎవరంటారు? ఆమొచ్చి చెప్పుద్దా?"

అన్నాక తలదించుకున్నాడు. "తప్పుగా అనలేదండీ."

"తెలుసు," అన్నాను.

అతను అడిగింది అబద్ధమని కూడా నేను అనలేను. అది నిజమే కావచ్చు. నిజమని అనుకోవడానికి నాకు కారణాలున్నాయి. నిజం కావాలని కోరుకోవడానికి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఈ రెండింటినీ విడదీయడం కుదరలేదు.

అవనిగడ్డ

ఎస్తేరు చెల్లెలు రూతమ్మ అవనిగడ్డలో ఉంటుంది. బడిలో పాఠాలు చెప్పి ఈమధ్యే రిటైరైంది. బస్సెక్కి వెళ్ళాను. అన్నం పెట్టేదాకా మాట ఎత్తనివ్వలేదు. తిన్నాక అడిగాను, మీ ఇంట్లో వట్టి అంటే ఏమిటని.

"వట్టంటే ఖాళీ బావా. దీనికి బస్సెక్కి వచ్చావా?"

"గేదె విషయంలో?"

"గేదైతే వట్టిపోయిందంటాం."

"మీ అక్క వట్టి అని మాత్రమే అంటే?"

"అక్క ఏ మాటా పూర్తిగా అనేది కాదు బావా. అన్నం తిన్నావా అనడానికి తిన్నావా అనేది. వస్తున్నావా అనడానికి ఆఁ అనేది. ఫోన్లో దానితో మాట్లాడాలంటే నాకు సగం ఊహ. నీకు తెలియదా?"

తెలుసు. అందుకే ఆమె మాటల్లో మిగతా సగం ఎప్పుడూ నేనే పూర్తిచేసుకునేవాణ్ణి. ఆ సగం ఆమెదా, నాదా అన్నది ఇప్పుడు చెప్పడం కష్టం.

"పోనీ ఒకటి చెప్పు," అంది రూతమ్మ. "ఇప్పుడు అక్కే ఉండి, నువ్వడిగితే, దానికి మాత్రం గుర్తుంటుందా? అన్ని చేపల్లో ఏ చేపని ఏమందో?"

అది నాకు తట్టలేదు. వారాలుగా నేను అడగడానికి ఆమె లేదనే అనుకుంటున్నాను. ఆమె ఉన్నా జవాబు ఉండకపోవచ్చని అనుకోలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దీని గురించే ఆలోచించాను. ఇది ఓదార్పో, ఇంకో నష్టమో తెలియలేదు.

వెళ్ళేముందు రూతమ్మ ఒకటే అంది. "నీకు తోచింది చెప్పు బావా. అక్క పేరు మీద మాత్రం చెప్పకు."

సమావేశం

సమావేశం బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయం పైఅంతస్తులో జరిగింది. హారిక ముందు వరసలో ఉంది. నాంచారయ్య, అతని పల్లెవాళ్ళు కొందరు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. కుర్చీలున్నా కూర్చోలేదు.

అధ్యక్షత వహించిన అధికారి మర్యాదగానే అడిగారు. "మీరు ఆ నమూనాలు తీసినవారు. రెండో అంకె వేసిన చేపలు ఎదిగినవా, ఎదగనివా?"

"రెండూ ఉన్నాయండీ."

"ఏవి ఏవో చెప్పగలరా?"

"చెప్పలేను."

"మీ అంచనా ప్రకారం?"

నాకు అంచనా ఉంది. వేసవి నిషేధం తర్వాత వచ్చిన మధ్యరకం చేపల్లో ఎక్కువ భాగం ఒకసారి గుడ్లు పెట్టినవేనని నా అనుమానం. కానీ ఆ అనుమానం హారిక వచ్చిన రోజు లేదు. నాంచారయ్య వచ్చి వెళ్ళాక బలపడింది. అటువంటి అనుమానాన్ని చేపల మీద మోపడం న్యాయం కాదనిపించింది. పైగా అది నా నోట వస్తే ఎస్తేరు చెప్పినట్టే రాసుకుంటారు.

"అంచనా చెప్పనండీ. తెలియదని రాసుకోండి."

"మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియకపోవచ్చండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హారికను అడిగారు, రెండో అంకె చేపలన్నీ పక్కన పెడితే మిగిలినవాటితో అంచనా నిలబడుతుందా అని. నిలబడదంది. మొదటి నుంచీ కొత్తగా కోసి చూడాలనీ, బందరు చేపలూ దివిసీమ చేపలూ వేరువేరుగా చూడాలనీ, సందేహం ఉన్న ప్రతిదాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టాలనీ చెప్పింది. చివరికి ముసాయిదా ఆపారు. కొత్త నమూనాలు వచ్చేదాకా కొలత లేదు. వచ్చాక అది ఇప్పటికంటే తక్కువ కావచ్చు, ఎక్కువ కూడా కావచ్చు. ఎస్తేరు కోసిన చేపలు, నేను వేసిన అంకెలు, అన్నీ అంచనాలోంచి తీసేశారు.

మెట్ల మీద హారిక నన్ను కలిసింది. ఆమె ముఖం ఎర్రబడి ఉంది. "మేడమ్ గారి పనంతా పోయింది సార్."

"పోయిందమ్మా."

"మీరు ఏదో ఒకటి చెప్పి ఉంటే ఉండేది."

"ఉండేది."

కింద నాంచారయ్య బీడీ పారేసి దగ్గరికి వచ్చాడు. తనకి కలిగింది సంతోషమో కోపమో అతనికే తేలినట్టు లేదు.

"తెలియదని చెప్పడానికి గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చారా డాక్టరు గారూ? ఆ మాట నేనూ చెబుదునుగా, నడిచొచ్చి."

పక్కవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

"వచ్చే ఏడు ఇంకా పెద్ద కొలత పెడితే?" అన్నాడు మళ్ళీ.

"పెట్టొచ్చు."

"అప్పుడు మిమ్మల్ని తిట్టుకోవాల."

"తిట్టుకో. చేపలు మాత్రం ఇవ్వు."

"ఇస్తాంలెండి. ఇవ్వకపోతే ఊరుకుంటారా మీరు?"

నేను చేసింది సరైనదో కాదో నాకు తెలియదు. ఒక పల్లెకి ఒక సీజను దక్కింది. దక్కకూడని సీజను కూడా అయి ఉండొచ్చు. ఆ నీళ్ళలో తల్లిచేపలు నిజంగానే తగ్గి ఉంటే, తెలియదన్న నా మాట వాటికి ఏ మేలూ చేయలేదు. ఈ ఉద్యోగంలో నిజాయితీకి ఫలితం మంచిదే వస్తుందని చెప్పేవాళ్ళని నమ్మవద్దు. ఏదో ఒకటి వస్తుంది.

నిషేధం ముగిశాక

ఈ జూన్‌లో పడవలు మళ్ళీ వేటకి వెళ్ళి వచ్చిన మొదటి ఉదయం హారిక నన్ను రేవుకి రమ్మంది. సహాయకుడు సెలవు పెట్టాడట. కోయడానికి ఆమె ఉంది, రాయడానికి మనిషి కావాలి. వెళ్ళాను.

మొదటి చేప నిండు. అందులో చెప్పుకోవడానికేమీ లేదు. రెండోదాన్ని కోసి, తొడుగు వేళ్ళతో పట్టుకుని, "వట్టి సార్," అంది.

"అంటే?"

"అంటే వట్టి."

"పూర్తిగా చెప్పమ్మా."

చేపలమ్మే ఆవిడ ఒకామె పక్క నుంచి, "ఈయన బడిపంతులా, డాక్టరా?" అంది. హారిక నవ్వాపుకుని, తొడుగుని వెలుగులో పట్టి మళ్ళీ చూసింది.

"ఇది ఒకసారి గుడ్లు పెట్టి ఖాళీ అయిన చేప సార్. తొడుగు మందంగా ఉంది. లోపల నెత్తుటి చారలు ఆరిపోయినట్టున్నాయి."

అంతా రాశాను. మూడోదాన్ని కోసింది. మధ్యరకం చేప. తొడుగు పల్చగా ఉంది, కానీ మరీ పల్చన కాదు. ఆమె దాన్ని తిప్పి చూసింది. నాకు చూపించింది. నాకూ తెలియలేదు. వేలంపాట పాడేవాడు మా వెనక గట్టిగా అరుస్తున్నాడు, బల్ల ఖాళీ చేయమంటున్నాడు, ఐసు కరిగి నీళ్ళు మా కాళ్ళ కిందికి వస్తున్నాయి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

నేను తొందరపెట్టలేదు.